రాణిమహల్‌లో మా పొయ్యి

మా ఇంటాయన పోయినాక నేను కదిరిలోనే ఉండిపోయినాను. పోవడానికి వేరే చోటు లేక కాదు, యాడికి పోయినా ఒకటే అనిపించి. ఆయన ఆర్టీసీలో డ్రైవరు. మాకు పిల్లల్లేరు. ధర్మవరం పట్టుచీరలకు కొంగు కుచ్చులు కట్టే పని ఆయన ఉన్నప్పుడే మొదలుపెట్టినాను, ఇప్పటికీ అదే చేస్తాండాను. అంగడి ఆయప్ప చీరలు మూటగట్టి పంపిస్తాడు, నేను కుచ్చులు కట్టి తిరిగి పంపిస్తాను. కిటికీ కాడ కూచుంటే పొద్దు ఎట్లా పోతుందో తెలీదు. కాకపోతే కొన్ని దినాలు సాయంత్రం పాలు పోయించుకునేటప్పుడు గొంతు పెగలదు. పొద్దున్నుంచి ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు తెలుస్తుంది.

పోయిన మాఘమాసంలో ఒక దినం, చీరల మూట తెచ్చిన ఆటో ఆయన నిలబడి నీళ్ళు తాగుతా ఒక సంగతి చెప్పినాడు. తనకల్లు దావలో ఉండే కొండమీది కోటను గవర్నమెంటోళ్ళు బాగుచేస్తాండారంట. మెట్లు కొత్తగా పరిచినారంట. పైన రాణిమహల్ గోడలకు పాతకాలం మాదిరి సున్నం పూస్తాండారని, ఆదివారాలు బెంగళూరు నుంచి గూడా జనం వచ్చి ఫోటోలు దిగిపోతాండారని చెప్పి చెంబు ఇచ్చేసి పోయినాడు. నేను మూట లోపల పెట్టి, తలుపు దగ్గరికేసి, చానాసేపు ఉత్తగా కూచున్నాను. నేను పెరిగింది ఆ రాణిమహల్‌లోనే.

ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. మా ఊరు ఆ కొండ కిందనే. నాయనకు సెంటు భూమి లేదు, మేకలుండేవి. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో వరసగా కరువొచ్చింది. ఊర్లో బావులన్నీ అడుగంటినాయి. మనుషులకే కడవ నీళ్ళు దొరకని చోట మేకలకు ఎవరు పోస్తారు? కొండమీద మాత్రం, కోట గోడల లోపల, బండలో ఒక దొన ఉండేది. ఎన్నడో పడిన వాన నీళ్ళు ఆ గుంతలో నిలిచి, చుట్టూ ఉన్న బండల నీడకు ఎండాకాలం గూడా ఎండకుండా ఉండేవి. పచ్చగా పాచిపట్టిన నీళ్ళే, కానీ నీళ్ళు. నాయన మొదట్లో మేకలను పొద్దున పైకి తోలుకొనిపోయి సాయంత్రం దించుకొచ్చేవాడు. ఎక్కీ దిగీ అవి సన్నబడిపోతాండాయని, ఆ ఎండాకాలం గడిచేవరకు పైనే ఉందామని చెప్పి మమ్మల్ని గూడా ఎక్కించినాడు. అమ్మ తలమీద చట్లు, దుప్పట్ల మూట. అన్న భుజాన రాగులు. నేను నాయన మెడమీద. ఆ ఎండాకాలం మూడేళ్ళయింది.

రాణిమహల్ అంటే పెద్ద మేడ అనుకోవద్దు. మేము ఎక్కేనాటికే కప్పు సగం కూలిపోయింది. గుప్తనిధుల కోసం ఎవరెవరో తవ్విన గుంతలు నేలంతా. కమాను వాకిళ్ళున్న పొడుగాటి సావడిలో మేకలను కట్టేవాళ్ళు. దాని పక్కన కప్పు నిలిచిన గది ఒకటే ఉండేది, అందులో మేము. ఒక చిన్న కిటికీ, గోడలో రెండు గూళ్ళు, మూలన మూడు రాళ్ళ పొయ్యి. పొగ పోయే దావ లేదు. గోడలన్నీ తారు పూసినట్టు నల్లగా ఉండేవి. నేను చిన్నప్పుడు గోడ రంగే అదనుకున్నాను.

నాకు అన్నిటికంటే బాగా గుర్తుండేది ఒక వీపు. పొయ్యి ముందర గొంతుకూచున్న మనిషి వీపు. కట్టెతో సంగటి గెలుకుతా ఉంటే భుజాలు కదిలేవి, గాజులు గలగలమనేవి. నా ఒళ్ళో అప్పుడే పుట్టిన మేకపిల్ల. బయట గాలి హోరు. లోపల మాత్రం వెచ్చగా ఉండేది. అంతే, ఇంకేం జరగదు ఆ గుర్తులో. కానీ ఇన్నేళ్ళలో నాకు ఏ దిగులొచ్చినా అమ్మ వీపును అట్లా తల్చుకొనే నిద్రపోయినాను. మా ఇంటాయన పోయిన ఏడాదంతా దాంతోనే గడిపినాను.

కొండ దిగినాక మామూలు మనుషులమైనాం. బడిలో పిల్లోళ్ళు నన్ను రాణెమ్మా, రాణెమ్మా అని ఏడిపిస్తే నాకు కొంచెం సంతోషంగానే ఉండేది. అన్నను రాజా అంటే మాత్రం వాడు రాయి తీసుకొనేవాడు. అన్న ఎన్నడూ సరిగ్గా చదువుకోలేదు. ఈడు వచ్చినాక వజ్రకరూరు పక్కకు పోయినాడు. వాన పడినప్పుడు ఆ చేన్లలో రాళ్ళు ఏరేటందుకు జనం పోతారు కదా, ఏ ఒక్కరికో వజ్రం దొరుకుతుందని. అన్నకేం దొరకలేదు. ఆడనే పెండ్లి చేసుకొని, సైకిళ్ళకు, మోటారు సైకిళ్ళకు పంచర్లు వేసే అంగడి పెట్టుకొని ఉండిపోయినాడు. మాకేం పోట్లాట లేదు. కానీ నాయన, అమ్మ పోయినాక కలవాల్సిన పని లేకపోయింది. మా ఇంటాయన దినాలకు వచ్చినాడు, ఆ సాయంత్రం బస్సుకే తిరిగిపోయినాడు.

ఆదివారం జనముంటారని నేను మంగళవారం బయలుదేరినాను. తనకల్లు బస్సెక్కి, దావలో దిగి, ఆటో పట్టుకొని కొండ కాడికి పోయినాను. మొదట్లో ముళ్ళకంప ఉండే చోట గేటు పెట్టినారు. టికెట్ తీసుకోమన్నారు. మా ఇంటికి నాకు టికెట్టా అని ఒక క్షణం అనిపించింది గానీ, ఆ మాట అనడానికి పక్కన ఎవరూ లేరు.

మెట్లకు ఒక పక్క ఇనప కమ్మీ వేసినారు. అది పట్టుకొని, ఆగి ఆగి ఎక్కినాను. సగం దూరంలో కూచొని వెనక్కి చూస్తే కింద పెద్ద చెరువు నిండినట్టు నీలంగా మెరుస్తాండాది. ఈ సీమలో అంత నీళ్ళు ఎప్పుడొచ్చినాయప్పా అని దిమ్మరపోయి చూసినాను. తర్వాత తెలిసింది, అవి సోలారు పలకలని. ఆ పలకల అవతల శెనక్కాయ చేన్లు, అవి కోసి చాన్నాళ్ళయి, ఎర్రగా బోడిగా పడుండాయి. మా ఊరు యాడుండాదో వెతుక్కోవాల్సి వచ్చింది.

పైన అంతా మారిపోయింది. బురుజుల చుట్టూ పనోళ్ళు ఎక్కి నిలబడేటందుకు ఇనప గొట్టాలతో సారవ కట్టినారు. గుండ్రటి కాలవలో రాతి చక్రం తిరిగే సున్నం గానుగ పెట్టినారు, దాన్ని ఎద్దులకు బదులు మోటారు తిప్పుతాండాది. సున్నంలో కలిపేటందుకు కరక్కాయలు, బెల్లం నానబెట్టిన తొట్ల కాడ తీపీ వగరూ కలిసిన వాసన. తమిళం మాట్లాడే ఆడోళ్ళు ఇసక జల్లిస్తాండారు. వాళ్ళు నన్ను చూసి నవ్వినారు, నేనూ నవ్వినాను. దొన చుట్టూ కంచె వేసి, లోపలికి దిగకూడదని బోర్డు పెట్టినారు. నీళ్ళు అడుగున కొంచెం ఉండాయి. అదే పచ్చదనం. నేను కంచె పట్టుకొని నిలబడినాను. మేకల గిట్టల చప్పుడు వినపడుతుందేమోనని నిలబడినానేమో, నాకే తెలీదు.

రాణిమహల్ కాడ అడ్డంగా తాడు కట్టినారు. తాడవతల పసుపు టోపీ పెట్టుకొని, చున్నీ నడుముకు బిగించుకొన్న ఒకమ్మాయి దూదితో గోడ తుడుస్తాండాది. కోస్తా పక్క అమ్మాయి, మాట బట్టి తెలిసింది. పని జరుగుతోందమ్మా, లోపలికి రాకూడదు అనింది. ఒక్కసారి చూసి పోతానని అడిగితే నా మొగం చూసి ఏమనుకొనిందో, తాడు ఎత్తి పట్టుకొనింది.

మా గది అది. సగం గోడ నల్లగానే ఉండాది. మిగిలిన సగం తెల్లబడి, దానిమీద హంసలు నడుస్తాండాయి. ఒకదాని వెనక ఒకటి, బారుగా. ఎర్రమట్టి రంగు కాళ్ళు, పసుప్పచ్చ ముక్కులు, ఒకటి మాత్రం వెనక్కి తిరిగి చూస్తాండాది. నేను గోడకు చెయ్యి పెట్టబోయి ఆపుకొన్నాను.

ఆ అమ్మాయి సంబరంగా చెప్పుకొచ్చింది. ఇది రాణి గది అయి ఉంటుందనుకుంటున్నారంట. గోడంతా మసి పట్టి ఉంటే మొదట ఇక్కడేమీ లేదనుకున్నారంట. దూదిని మందునీళ్ళలో ముంచి వేలెడు వేలెడు తుడుస్తా వస్తే కింద బొమ్మలు బయటపడినాయంట. ఎవరో ఇక్కడ ఏండ్ల తరబడి వంట చేశారు, మొదట వాళ్ళను బాగా తిట్టుకున్నాం అనింది. తర్వాత చూస్తే, మసి లేని గదుల్లో బొమ్మలన్నీ వానకు కారిపోయినాయంట, ఇక్కడ మాత్రం జిడ్డు పొగ పొరలాగా కప్పుకొని రంగును నిలబెట్టిందంట.

"ఆ పొగ మాదేమ్మా," అన్నాను. "మేము ఈడ ఉంటిమి. మా యమ్మ ఈ మూలన వండేది."

ఆ అమ్మాయి చేతిలో దూది అట్లే పట్టుకొని నన్ను చూసింది. తర్వాత ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని అడిగి, ఒకటొకటే అడిగింది. మేకలు యాడ కట్టేవాళ్ళు, మీరు యాడ పండుకొనేవాళ్ళు, పాములు రాలేదా, చదువు ఎట్లా. నేను చెప్తానే ఉండాను. సీతాఫలాల కాలంలో కడుపు నిండా అవే తిన్నది, కిటికీ గూట్లో అమ్మ ఉప్పు చట్టి పెట్టేది, గబ్బిలాలకు నేను పేర్లు పెట్టింది. ఏడాదిలో మాట్లాడనంత ఆ ఒక్క మధ్యాన్నం మాట్లాడినాను. పనోళ్ళు చాయ్ తెచ్చిస్తే అది చల్లారిపోయింది.

లేచేటప్పుడు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. పొయ్యి ఉన్న మూలన ఒక జానెడు మేర మసిని తుడవకుండా అట్లే వదిలేస్తారంట. ఈ గది ఎన్ని విధాలుగా బతికిందో వచ్చేవాళ్ళకు తెలియాలి కదా అనింది. మేకల కాపరి కుటుంబం ఇక్కడ కాపురమున్న సంగతి పక్కన రాయిస్తుందంట. మీ ఇంట్లో ఇది గుర్తున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మనింది. అన్న ఉండాడు, అడిగి చూస్తానన్నాను.

కొండ దిగేటప్పుడు కాళ్ళనొప్పులు తెలీలేదు. బస్సులో కూచున్నాక, కిటికీలోంచి గాలి కొడుతుంటే, ఆ సంతోషం మెల్లగా జారిపోయింది. ఇంటికి పోతే చెప్పేటందుకు ఎవరుండారు? మా ఇంటాయన ఉండింటే అన్నం తింటా వినేవాడు. సగం విని నిద్రపోయినా పోయేవాడే, అయినా వినేవాడు.

ఆ సాయంత్రమే అన్నకు ఫోన్ చేసినాను. కోట సంగతి, హంసల సంగతి, అమ్మ మసిని వదిలేస్తామన్న సంగతి అంతా ఒక్క ఊపిరిలో చెప్పినాను. అవతల అంగట్లో గాలికొట్టే మిషను చప్పుడు ఆగిపోయింది. లైను కట్టయిందేమో అనుకొన్నాను.

"ఎందుకు పోయినావాడికి?" అన్నాడు చివరికి.

ఊరికే చూద్దామని పోయినానన్నాను. నువ్వూ రా, ఆ అమ్మాయి నిన్ను గూడా అడుగుతాందన్నాను. తనకేం గుర్తులేదన్నాడు. అంగట్లో మనుషులుండారని చెప్పి పెట్టేసినాడు. నా కంటే అయిదేండ్లు పెద్దోడు, నాకున్న గుర్తు వాడికి లేకుండా ఎట్లా పోతుంది? ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది. అమ్మ గురించి మాట్లాడుకోడానికి ఈ భూమ్మీద మిగిలింది వాడొక్కడే, వాడు గూడా తలుపేసుకొన్నాడని.

ఉగాది దాటినాక, ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తాంటే ఫోన్ మోగింది. అన్న.

"స్టాండులో ఉండా పాపా," అన్నాడు. "మీ ఇల్లు యాడుండాదో దావ మర్చిపోయినా."

వాడు నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు. నేను ఆటో ఎక్కి స్టాండుకు పోయినాను. రాత్రి బస్సెక్కి వచ్చినాడంట, చేతిసంచి పెట్టుకొని సిమెంటు బల్లమీద కూచోనుండాడు. అంత సన్నబడినాడని నాకు తెలీదు. మోకాళ్ళమీద పెట్టుకొన్న చేతులకు గ్రీసు మరకలు, కడిగినా పోనివి. ఇంటికి తీసుకొచ్చి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసిపెట్టినాను. తిన్నంతసేపు ఇంటి గోడలు, చీరల మూటలు, మా ఇంటాయన ఫోటో చూసినాడు. ఒక్కదానివే ఉంటావా అని అడిగినాడు. ఇంకెవరుంటారు అన్నాను. తలూపి చెయ్యి కడుక్కొన్నాడు. పోదాం పద, ఎండ ఎక్కకముందే అన్నాడు.

కొండ ఎక్కేటప్పుడు వాడు కమ్మీ పట్టుకోలేదు. పైన నేరుగా దొన కాడికి పోయి, కంచె వెంబడి చుట్టూ ఒకసారి తిరిగినాడు. ఇంకా తక్కువైనాయి నీళ్ళు. తర్వాత రాణిమహల్ కాడికి వచ్చినాం. ఆ అమ్మాయి గుర్తుపట్టి ఎదురొచ్చింది. గోడ దాదాపు పూర్తయింది. హంసల పైన తీగలు, తీగల మధ్య ఒక ఆడమనిషి చెయ్యి బయటపడినాయి. మూలన మాత్రం జానెడు మేర మసి అట్లే ఉండాది, చుట్టూ తెల్లగోడ మధ్య నల్లటి పట్టీ మాదిరి. ఆ అమ్మాయి ఫోన్ తీసి పట్టుకొని, మీ అమ్మగారు వంట చేసింది ఇక్కడే కదండీ అని అన్నను అడిగింది.

"కాదు," అన్నాడు. "మా యమ్మ ఈ గదిలో ఎన్నడూ వండలేదు."

నేను నవ్వబోయినాను. నీకు గుర్తులేదన్నావు కదన్నా అన్నాను. వాడు నా పక్క చూడలేదు. బయట సావడి చివర, కూలిన గోడ కాడ, ఊరు కనపడే చోట అమ్మ పొయ్యి పెట్టుకొనేదంట. ఎండైనా ఆడనే. వండుతా కింద దావమ్మడి పోయేవాళ్ళను చూసేదంట. లోపల పెడితే నీడ కదా అని నాయన ఎంత చెప్పినా వినేది కాదంట.

"మరి ఈ మసి?"

"ఇది నాది," అన్నాడు అన్న. "నేను వండినా పాపా. అమ్మ మనకాడ లేదు అప్పుడు."

ఆ అమ్మాయి ఫోన్ ఆపేసింది. బయట పని చూసుకొస్తానని చెప్పి పోయింది.

అన్న గోడకు ఆనుకొని నేలమీద కూచున్నాడు. నేనూ కూచున్నాను. అప్పుడు చెప్పినాడు, మెల్లగా, ఎవరో వేరేవాళ్ళ సంగతి చెప్పినట్టు. అమ్మకు కొండమీద ఉండేది మొదటి దినం నుంచీ ఇష్టం లేదంట. నాయన పొద్దున మేకల వెంబడి పోతే మళ్ళ చీకటికే. మనిషన్న జాడ లేని చోట ఎట్లా ఉండేదని రోజూ పోట్లాట. ఉండేకొద్దీ పోట్లాట గూడా మానేసిందంట. మేకలతో మాట్లాడేదంట. గోడలతో గూడా. ఒక పొద్దున, రెండో ఏడు ఉగాది అయిన కొన్నాళ్ళకు, అవ్వకు జరమొచ్చిందని చెప్పి కొండ దిగి పుట్టింటికి పోయింది. దసరా దాటేవరకు రాలేదు.

అవ్వకు జరమొచ్చింది నాకు గుర్తుండాది. నాలుగు దినాలు అమ్మ లేకపోయింది అనుకొనుండాను. నాలుగు దినాలు కాదు పాపా అన్నాడు అన్న. మొదట్లో వాడు గూడా సావడి చివరే వండినాడు. ఆషాఢం గాలి మొదలయినాక మంట నిలబడక, రాళ్ళు లోపలికి తెచ్చి ఈ మూలన పెట్టినాడు. అమ్మ తిరిగొచ్చినాక మళ్ళ బయటనే వండింది గానీ, మరుసటేడు గాలి కాలం వస్తే ఆమె లోపలికి రాక, పొయ్యి మళ్ళ వాడి చేతికే వచ్చింది. సంగటి మొదట్లో ఉండలు కట్టేదంట. నేను ఏం మాట్లాడకుండా తినేదాన్నంట. అమ్మ యాడికి పోయిందని ఏడిస్తే, నీకు గాజులు తెచ్చేటందుకు పోయిందని చెప్పేవాడంట. నన్ను ఒక్కదాన్నే వదిలి పోలేక బడి మానేసినాడు. వాడికి చదువంటే ఇష్టం లేదనే నేను ఇన్నేళ్ళూ అనుకొంటిని. అడిగినవాళ్ళకు గూడా అట్లే చెప్పింటిని.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే అమ్మను తప్పుపడతావని నాయన చెప్పొద్దన్నాడు. తర్వాత చెప్పే అవసరం యాడొచ్చింది?"

అమ్మను తిరిగి పిల్చుకొచ్చేటందుకు నాయన ఆమెకు మాటిచ్చినాడంట, ఇంకొక్క ఏడాదిలో మేకలు అమ్మేసి దిగిపోతామని. అట్లే అమ్మేసినాడు. వానలు బాగా పడి దిగినామని నేననుకొనింది. వానలు అప్పుడూ పడలేదు.

నిజం చెప్పాలంటే, నాకు మొదట అన్నమీద కోపమొచ్చింది. రాకుండా ఉండింటే బాగుండు అనిపించింది. నేను పట్టుకొని నిద్రపోయే వీపు ఒకటే ఉండేది, దాన్ని గూడా లాక్కొన్నట్టయింది. మరి గాజుల చప్పుడు? ఆ మాట అడిగితే వాడికేం తెలీదన్నాడు. అది నేనే యాడనుంచో తెచ్చి పెట్టుకొనుంటాను, దిగినాక కింద ఇంట్లో విన్నదాన్ని. పదేండ్లు దాటిన పిల్లోడు పొయ్యి ముందర కూచొని ఊదుతా, కండ్లు తుడుచుకొంటా, వెనక చెల్లెలు పడిపోకుండా చూసుకొంటా ఉన్నాడని ఎంత అనుకొన్నా నా కంటికి కనపడలేదు. కనపడాలని కండ్లు మూసుకొని గూడా చూసినాను.

తర్వాత అమ్మ గుర్తొచ్చింది. నాకు తెలిసిన అమ్మ కాదు, సావడి చివర కూచొని దావమ్మడి పోయేవాళ్ళను లెక్కపెట్టిన అమ్మ. గోడలతో మాట్లాడేదంట. కుచ్చులు కట్టేటప్పుడు నేను చీరలతో మాట్లాడతానని అన్నకు చెప్పలేదు. ఆమెకు అప్పుడు ముప్పై గూడా ఉండవు. నేను ఆమె కంటే ఎంతో పెద్దదాన్నిప్పుడు. నా కంటే చిన్నపిల్ల ఒకతి ఆ ఎండలో కూచోనుండేది, ఆమెకు ఇద్దరు పిల్లోళ్ళం మేముండీ చాలలేదు. తప్పుపట్టబుద్ధి కాలేదు. దిగిపోవాలనిపించినప్పుడు దిగిపోయింది. తిరిగి రాబుద్ధయినప్పుడు వచ్చింది.

అన్న లేచి ఆ నల్లటి పట్టీ కాడికి పోయినాడు. బొటనవేలితో ఒకసారి రుద్ది, వేలు చూసుకొని, పంచెకు తుడుచుకొన్నాడు. అప్పటికి తిరిగొచ్చిన అమ్మాయి చూసి గూడా ఆపలేదు. బోర్డుమీద ఏం రాయమంటారని మెల్లగా అడిగింది. మా పేర్లు, మా ఇంటి సంగతులు ఏం రాయొద్దన్నాడు అన్న. ఆ అమ్మాయి మొగం చిన్నబోయింది. వాడు కొంచెం ఆలోచించి, మేకలోళ్ళు ఉండేవాళ్ళని రాయండి, అది చాలు అన్నాడు. హంసలను చూసి, ఇవి ఉన్నట్టు మాకు తెలీదమ్మా, తెలిసింటే ఈ పిల్లకు చూపించి ఆడించేవాడిని అని నన్ను చూపించినాడు. నాకు యాభై దాటి ఎన్నో ఏండ్లయింది. ఆ అమ్మాయి నవ్వింది, నేను మాత్రం హంసల పక్కకు తిరిగినాను.

దిగేటప్పుడు నా మోకాళ్ళు మొరాయించినాయి. అన్న రెండు మెట్లు కింద నడుస్తా, నేను ఆగితే ఆగినాడు. చెయ్యి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కింద చెట్టు నీడన చెరుకురసం తాగినాం. వాడి ఇంటి సంగతులు అడిగినాను. కొడుకు అంగడి చూసుకొంటాడంట, కోడలు మంచిదేనంట, తనకు షుగరుందంట. అన్నీ ఒక్కొక్క మాటలో చెప్పినాడు. పొద్దున చెప్పిందానితోనే వాడి మాటలన్నీ అయిపోయినట్టున్నాయి.

ఆ రాత్రికి ఉండి పొమ్మన్నాను. ఒద్దులే పాపా, అనంతపురం బస్సు దొరికితే ఆడ మారి రాత్రికి ఇల్లు చేరుకొంటానన్నాడు. కదిరి స్టాండులో బస్సు రావడానికి చానాసేపు పట్టింది. పక్కపక్కన కూచున్నాం. చెప్పాల్సింది ఏదో ఉండాదని నాకు తెలుస్తాంది. అన్నా, నువ్వు నన్ను సాకినావు, అని అంటే చాలు. ఆ నాలుగు మాటలు నోట్లో పెట్టుకొని తిప్పుకొంటా కూచున్నాను. బస్సొచ్చి జనం ఎగబడితే వాడు సంచి చంకన పెట్టుకొని లేచినాడు. దావలో తినమని శెనక్కాయలు, బెల్లం కట్టిచ్చినాను. చేరినాక ఫోన్ చెయ్యి అన్నాను. సరే అన్నాడు. కిటికీ పక్క సీటు దొరకలేదు వాడికి. అద్దాల మధ్య వాడి తల యాడుండాదో వెతికేలోపల బస్సు కదిలిపోయింది.

నడుచుకొంటానే ఇంటికొచ్చినాను. సందు మొదట్లో ఎదురింటి ఆమె అరుగుమీద పూలు కడతాండాది. మల్లెలు మొదలైనాయి అప్పుడే. పొద్దున మీ ఇంటికొచ్చినాయప్ప ఎవరు అని అడిగింది. మా అన్న అన్నాను.

"నీకు అన్న ఉండాడా?" అనింది, చేతిలో పూలు ఆపి. "ఇన్నేండ్లలో ఒక్కసారన్నా చెప్పలేదే."

వజ్రకరూరు కాడ ఉంటాడు, చిన్నప్పుడు నన్ను వాడే సాకినాడు, అని చెప్పినాను. ఆ మాట ఆమెకు చెప్పడం ఎంత సులువుగా వచ్చిందో. ఇంకా చెప్దామని ఆమె పక్కన అరుగుమీద కూచోబోయినాను. లోపల కుక్కరు కూత పెట్టింది. ఉండు వస్తానని పూలదండ పళ్ళెంలో పెట్టి లోపలికి పోయింది. నేను తాళంచెవి చేతిలో పట్టుకొని కొంతసేపు ఆడనే నిలబడినాను. ఆమె మళ్ళ బయటికి రాలేదు. సందులో లైట్లు ఒకటొకటే వెలిగినాయి.